జెర్షన్ పస్తున్న నాడు

ఫోర్ట్ డారో, యూటా
1875 ఏప్రిల్ 11

అక్కయ్యా,

ఒంట్లో బాగానే ఉంది. ఈ ముక్క మొదట రాయకపోతే నువ్వు దాని కోసం ఉత్తరమంతా గాలిస్తావు. ఇక నింపాదిగా చదువుకో.

నువ్వు పంపిన మేపుల్ చక్కెర చేరింది, దారిలో ఎలుకలు తమ వాటా పుచ్చుకున్నాక. మిగిలింది నేనూ డూలన్ పంచుకున్నాం. డూలన్ నా ఆసుపత్రి సార్జెంటు, ఐర్లాండ్ వాడు. నీ పేరు చెప్పి సిలువ గుర్తు వేసుకున్నాడు. కేథలిక్కు దీవెన తగిలిందని కంగారుపడకు.

రెండేళ్లుగా నీకు రాస్తున్నదే: కోటకీ జెర్షన్ ఊరికీ మధ్య అడ్డం ఒక్క వాగే, అయినా సముద్రమంత దూరం. ఆ ఊళ్లోని మొర్మన్ మతంవాళ్ల మీద కన్నేసి ఉంచడానికి ప్రభుత్వం మమ్మల్ని ఇక్కడ పెట్టిందని వాళ్లకీ తెలుసు, మాకూ తెలుసు. గుడ్లు అమ్ముతారు, గడ్డి అమ్ముతారు, నోరు మాత్రం విప్పరు. జబ్బు చేస్తే వాళ్ల పెద్దలొచ్చి నెత్తిన నూనె రాసి ప్రార్థిస్తారు. సైన్యం డాక్టరు గుమ్మం తొక్కినవాళ్లు ఇప్పటిదాకా ఒక్కరూ లేరు.

మొన్న తొక్కారు. మిట్టమధ్యాహ్నం, ఊరంతా చూస్తుండగా, ఒకావిడ బండి తోలుకుంటూ వాగు దాటి వచ్చింది. పేరు కెజియా హాల్‌స్టెడ్. నడివయసు మనిషి. చిన్నప్పుడు ఇంగ్లండులో బట్టల మిల్లులో పనిచేసిందట, ఇప్పటికీ మగ్గాల రొదలో మాట్లాడుతున్నట్టే గట్టిగా మాట్లాడుతుంది. బండిలో గడ్డి మీద పడుకుని ఇంకొకామె, మారెన్. డెన్మార్క్ నుంచి వచ్చిన పిల్ల. ఇద్దరూ ఒకే మగాడి భార్యలు, వాళ్ల మతంలో అది చెల్లుతుంది. ఈ మాట దగ్గర నీ మొహం ఎలా మారిందో నాకు ఇక్కడికి కనిపిస్తోంది. అయినా చదువు.

ఆ మగాడు నేథనెల్ మతబోధ చేయడానికి ఇంగ్లండు వెళ్లి ఇది రెండో ఏడు. అతను వెళ్లిన చాలా నెలలకి మారెన్ కడుపు ఎత్తుగా కనిపించసాగింది. ఊరు ఊరుకుంటుందా? ఆదివారం ప్రార్థనలో పంచే రొట్టె పళ్లెం ఆమె దాకా వచ్చి పక్కకి తిరిగిపోయేదట. ఆమె ఒట్లు వేసింది. కడుపు కళ్లెదుట కనిపిస్తుంటే ఒట్టుకు విలువేముంది? ఏడాది తిరిగింది. కడుపు పెరుగుతూనే ఉంది, బిడ్డ మాత్రం రాదు. అప్పుడు సైతాను బిడ్డ అన్నారు.

"డాక్టరుగారూ, ఈ పిల్ల అబద్ధమాడదు. ఏడేళ్లుగా నాతో ఒకే పొయ్యి దగ్గర వండుతోంది. పాలు పొంగిపోతే నేను చూడకపోయినా వచ్చి చెప్పే మనిషి. కాబట్టి లోపలున్నది బిడ్డ కాదు. అదేంటో మీరు చూసి చెప్పండి" అంది కెజియా.

చూశాను. బిడ్డ కాదు. అండాశయంలో పుట్టిన పెద్ద గడ్డ, అందులో నీరు. ఊపిరితిత్తుల్ని కూడా పైకి నెడుతోంది.

"తీయగలరా?"

"తీస్తే బతకొచ్చు, చావొచ్చు. చావే ఎక్కువ. నేను చదివానే గాని ఎప్పుడూ చెయ్యలేదు."

"తీయకపోతే?"

"ఎండలు ముదిరేదాకా ఉండదు."

అప్పటిదాకా పైకప్పు చూస్తూ పడుకున్న మారెన్ తల తిప్పింది. "అయితే ఇది బిడ్డ కాదని మా ఊళ్లో చెప్తారా?" అని అడిగింది.

బతుకుతానా అని అడగలేదు అక్కయ్యా. అది అడిగింది.

వాళ్లు వెళ్లిపోయాక చాలాసేపు ఎర్రకొండల వంక చూస్తూ కూర్చున్నాను. తోలు ఒలిచిన కండలా ఉంటాయి అవి. వాటి ముందు నేనెంత చిన్నవాణ్ణో రోజూ తెలుస్తూనే ఉంటుంది. ఆ రోజు ఆ పిల్ల ముందు తెలిసింది.

నీ తమ్ముడు,
ఆంబ్రోస్


వెస్ట్ హార్లో, వెర్మాంట్
మే 4

తమ్ముడికి,

ఆశీస్సులు. ఇక్కడ మంచు కరిగి దారులన్నీ బురద. పాస్టర్ ఎల్డ్రిజ్‌గారి గుర్రం మన గేటు ముందే కూరుకుపోయింది. దాన్ని లాగడానికి వచ్చినవాళ్లందరికీ నేను టీ కాయవలసి వచ్చింది. బడిలో పిల్లలకి గవదబిళ్లలు. నీ పాత గదిలో నీళ్లు కారుతున్నాయి.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ డెన్మార్క్ పిల్ల మీద జాలి లేదనను. ఏమైనా తింటోందా? గంజి అయినా తాగించమను. కానీ నువ్వు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకో. మొగుడు ఊళ్లో లేని ఆడదాని కడుపు గురించి సైన్యం డాక్టరు వెళ్లి ఊరికి సాక్ష్యం చెప్పడమేమిటి? నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే. గాయపడ్డ కాకిని తెచ్చి నా మంచం కింద దాచావు, గుర్తుందా? దానికి నయమైంది, నన్ను పొడిచింది.

వాళ్లు మనిషికి తెలియకుండానే మనసు తిప్పేస్తారని పాస్టర్‌గారు అంటున్నారు. ముందు మంచి చేస్తారట, తర్వాత నూనె రాస్తారట, ఆ తర్వాత మనిషి మనవాడు కాదట. యుద్ధం నుంచి వచ్చాక నువ్వు ప్రార్థన మానేశావు. ఖాళీగా ఉన్న ఇంట్లోకే ఎవరైనా దూరేది.

ఫ్లానెల్ గుడ్డ పంపుతున్నాను. కడుపు మీద కట్టడానికి పనికొస్తుంది. ఎవరి కడుపుకైనా.

నిన్ను పెంచిన అక్క,
లవీనియా


ఫోర్ట్ డారో
మే 30

అక్కయ్యా,

బతికింది!

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

మా మేజర్ క్రాల్ మొదట ఒప్పుకోలేదు. "ఆమె చచ్చిందా, సైన్యం మా ఆడదాన్ని కోసి చంపిందంటారు. వాగు అవతల ప్రతి ఇంట్లో తుపాకీ ఉంది, తెలుసుగా?" అన్నాడు. బతికితే? అన్నాను. "బతికితే మన పేరెవడూ తలవడు. చెయ్యి, నీ ఖర్మ" అన్నాడు.

ఊరి బిషప్ లెవాయ్ ప్రాథర్ వచ్చాడు. వారమంతా దున్నుకుని ఆదివారం బోధించే మనిషి, గోళ్లలో మట్టి. అది గడ్డే అని అతనికి విడమరిచి చెప్పాను. నమ్మాడో లేదో మొహంలో తెలియలేదు. కెజియా వైపు తిరిగాడు.

"కెజియా, ఇంటాయన ఊళ్లో లేడు. ఉత్తరం రాసి జవాబు వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు. ఒప్పుకుంటే నువ్వే ఒప్పుకోవాలి. ఆమె పోయిందనుకో, సవతిని కోయించి చంపించిందంటారు. బతికినన్నాళ్లూ అంటారు."

"అననీండి బిషప్‌గారూ. ఇన్నాళ్లూ దాన్నన్నారు, ఇక నన్నంటారు. దానికి కాస్త తెరిపి దొరుకుతుంది."

బిషప్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. తర్వాత, గడ్డ తీసే ఆదివారం ఊరంతటికీ ఉపవాసమని ప్రకటించాడు.

ఆ ఆదివారం పొద్దున్న లేచి బయటికొచ్చి చూస్తే జెర్షన్‌లో ఒక్క పొగగొట్టం నుంచీ పొగ లేదు. పిల్లలతో సహా పస్తు. ఆమెకు రొట్టె ఇవ్వని ఊరే ఆమె కోసం ఆ పూట రొట్టె కాల్చుకోలేదు. ఎవరూ అడగకుండానే మేజర్ బాకా ఊదడం ఆపించాడు. మా సిపాయిలు పస్తుండలేదు గాని, బూతులు మానారు. వాళ్లకది ఉపవాసం కంటే కష్టం. అంత మంది మనుషులున్న చోట అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. వాగు చప్పుడు నా గదిలోకి వచ్చింది.

ఆసుపత్రిలో భోజనాల బల్ల కడిగి తూర్పు కిటికీ దగ్గర వేశాం. పెద్దలొచ్చి మారెన్ తల మీద నూనె రాసి ప్రార్థించి వెళ్లారు. అప్పుడు కెజియా నా దగ్గరికొచ్చి, "చేతులిలా పట్టండి" అంది. పట్టాను. అరచేతుల్లో నూనె పోసి, తన చేతులతో మూసి, పెదవులు కదిపింది.

"అమ్మా, ఇప్పుడు నేను చేతులు మందునీళ్లతో కడుక్కోవాలి" అన్నాను.

"కడుక్కోండి. దీవెన నీళ్లకు పోయేది కాదు."

డూలన్ మత్తుకి క్లోరోఫాం గుడ్డ మారెన్ ముక్కు దగ్గర పెట్టాడు. మారెన్ వాళ్ల భాషలో ఏదో కీర్తన ఎత్తుకుంది. సగంలో గొంతు జారిపోయింది. ఆగిపోయిన చోట కెజియా అందుకుంది. ఆమెకి ఆ భాష రాదట, ఏడేళ్లు విని విని నోటికొచ్చిన మాటలు. పని ముగిసేదాకా, తిప్పి తిప్పి, ఆపకుండా పాడింది.

యుద్ధంలో నేను తెరిచిన శరీరాలన్నీ ఎవరో ముందే చింపినవి. ఈసారి ఒక నిండు శరీరాన్ని నా అంతట నేను తెరిచాను. ఆ పొద్దుటి ఎండలో చూశాను అక్కయ్యా. ముత్యపుచిప్పలా మెరిసే పొర, దాని మీద ఎవరో సన్నటి కలంతో గీసినట్టు ఎర్రటి గీతలు, కింద పేగులు నిద్రలో కదిలే పిల్లల్లా మెల్లగా కదులుతున్నాయి. ఎవరి కంటా పడాలని చేసిన పని కాదది. అయినా ఎంత శ్రద్ధ! తర్వాత నా చేతులు వాటంతటవే పని చేశాయి. ఇంతకంటే నేను చెప్పలేను.

గడ్డ బట్టలుతికే తొట్టి నిండా వచ్చింది. కుట్లు వేశాక కెజియా పాట ఆపింది. తొట్టి మీద గుడ్డ కప్పి, రెండు చేతులా ఎత్తుకుని బయటికి నడిచింది. వాగు ఒడ్డున ఊరి ఆడవాళ్లంతా పొద్దుటి నుంచీ నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్య తొట్టి దించి గుడ్డ తీసింది.

"ఇదిగో, మీరు నెలలు లెక్కపెట్టిన బిడ్డ. ఎవరి పోలికో చూసి చెప్పండి."

ఒక్కరూ తలెత్తలేదు. కాసేపటికి ఒక ముసలామె మోకాళ్ల మీద కూలబడి ఏడ్చింది.

తర్వాత మారెన్‌కి జ్వరం వచ్చి మమ్మల్ని భయపెట్టింది, దిగింది. ఆసుపత్రి నిండా సిపాయిలు కాబట్టి ఇద్దరినీ నా ఇంట్లోకే తెచ్చుకున్నాను. ఇన్నేళ్ల ఒంటరి కొంపలో ఇప్పుడు రొట్టె కాలే వాసన. కెజియా నా చొక్కాలకి గుండీలన్నీ కుట్టేసింది. నిన్న వాళ్లిద్దరి పక్కనా నేనూ మోకరించాను, యుద్ధం తర్వాత మొదటిసారి. నేనిక ఆ పాత ఆంబ్రోస్‌ని కాను. ఏమయ్యానో నాకే తెలియదు.

ఆనందంతో,
నీ ఆంబ్రోస్


ఫోర్ట్ డారో
జూన్ 8

అక్కయ్యా,

తీరిక లేదు, రెండే ముక్కలు. అమ్మ బూడిదరంగు శాలువా నీ పెట్టెలో ఉంది కదా, దాన్ని మారెన్ కోసం పంపుతావా? ఆమెకే ఇవ్వాలనిపిస్తోంది. అమ్మ ఉంటే తనే ఇచ్చేది. మేం ముగ్గురం బాగున్నాం. కెజియా నిన్ను అడిగానని రాయమంది. అప్పుడే నిన్ను "మన అక్కయ్య" అంటోంది!

ఆంబ్రోస్


వెస్ట్ హార్లో
జూన్ 27

ఆంబ్రోస్,

"ప్రియమైన" అన్న మాట కలం చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

ఇద్దరా! ఒకేసారి ఇద్దరా! అదీ సముద్రం అవతల బతికున్న మొగుణ్ణి పెట్టుకుని! నూనె, ప్రార్థన, రొట్టె వాసన, గుండీలు... నీ చొక్కా గుండీలు ఊడితే నాకు పంపితే కుట్టనా?

నువ్వు మే చివర రాసిన ఉత్తరం చదవగానే పాస్టర్‌గారి దగ్గరికి పరిగెత్తాను. చదివి వినిపించాను. ఆయన తలపట్టుకున్నారు. ఆయన భార్య గదిలోనే ఉంది. ఆ తర్వాత ఏమైందో వేరే చెప్పాలా? జిల్లా పత్రికలో వేశారు. "ఇద్దరు భార్యల సైన్యం డాక్టరు" అట. ఊరి పేరు, కోట పేరు అన్నీ ఉన్నాయి. కత్తిరించి ఇందులో పెట్టాను, నీ ఘనత నువ్వే చదువుకో. వాళ్లకి నేనివ్వలేదు. కానీ చదివిన నోరు నాదే.

నాలుగు రోజులు నిన్ను నిర్దోషిని చేయాలని నాలో నేనే వాదించుకున్నాను. ఇంతలో శాలువా పంపమని నీ రెండో ఉత్తరం! అమ్మ చివరి శ్వాసదాకా భుజాన వేసుకున్న శాలువా! అది ఈ ఇంటి కోడలికి చెందవలసింది. ఇప్పుడు నువ్వు అడిగావంటే నాకు అర్థం కాదా? పంపను. "మన అక్కయ్య" అట! ఎవరికి?

వీధిలో నడుస్తుంటే కిటికీ తెరలు కదులుతున్నాయి. నేను తల దించుకోలేదు, కానీ మెడ నొప్పి పుడుతోంది.

లవీనియా


ఫోర్ట్ డారో
జూలై 19

అక్కయ్యా,

వాళ్లిద్దరూ నా ఇంట్లో పడుకున్నన్ని రోజులూ నేను మందుల గదిలో, సీసాల మధ్య, బల్ల మీద పడుకున్నాను. డూలన్ గురక వింటూ. అది రాయడం మరిచిపోయాను. జరిగింది ఇంతే. మారెన్ లేచి నడవగానే ఇద్దరూ వాళ్లింటికి వెళ్లిపోయారు. శాలువా అడిగింది, రక్తం తగ్గి ఎండలో కూడా ఆ పిల్ల వణుకుతోందని.

నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధం. కానీ నా ఉత్తరం నేనే మళ్లీ తలచుకుని చూశాను. నేనైనా అలాగే చదివేవాణ్ణేమో. కాబట్టి సగం కోపం నా మీదే.

ఇక్కడ జరిగింది విను. ఆ పత్రిక రాతని సాల్ట్ లేక్‌లో ఇంకో పత్రిక ఎత్తి వేసింది. అది ఒకే రోజు మేజర్ బల్ల మీదికీ, బిషప్ ఇంటికీ చేరింది. మొన్న సాయంత్రం వాళ్ల సభామందిరంలో పెద్దలు కూర్చున్నారు. నేను పిలవకుండానే వెళ్లాను. చెప్పవలసింది చెప్పాను. ఒకాయన అడ్డం వచ్చి, "మీరు అలా చెప్పక ఇంకెలా చెప్తారు డాక్టరుగారూ?" అన్నాడు.

బిషప్ మారెన్‌ని లేవమన్నాడు. లేచింది. ఇంకా పాలిపోయే ఉంది.

"సిస్టర్ మారెన్, ఈ రాతలో నిజముందా?"

"పోయినసారి నా కడుపు చూసి తీర్పు చెప్పారు. ఈసారి కాగితం చూసి చెప్తారా?" అంది. గొంతు పెంచలేదు. "అప్పుడు వేసిన ఒట్లు చాలు బిషప్‌గారూ. ఈసారి నేను ఒట్టు వెయ్యను. నమ్మాలనుంటే నమ్మండి."

అని కూర్చుంది. అంతే. ఏడేళ్ల కిందట భాష రాకుండా ఆ ఊరికొచ్చిన పిల్ల, ఊరి పెద్దలందరినీ అలా నిలబెట్టేసి తను కూర్చుంది! ఫిరంగుల ముందు నిలబడ్డవాళ్లని నేను చూశాను. వాళ్లకి వెనక బెటాలియన్ ఉండేది.

బిషప్ లేచి, "ఒకసారి సిగ్గుపడ్డాం. మళ్లీ పడే ఓపిక నాకు లేదు" అని ఆ పత్రిక మడిచి పొయ్యిలో పెట్టాడు. అయినా అందరి మనసుల్లో ఉన్నదీ పొయ్యిలో కాలదు కదా. హాల్‌స్టెడ్‌ల గుమ్మంలోకి వచ్చేవాళ్లు తగ్గారు. ఎవరో ఇంగ్లండుకు, నేథనెల్‌కి రాశారట కూడా.

నా సంగతి: విచారణ తేలేదాకా నన్ను కోటలో ఉంచవద్దని పైనుంచి ఉత్తర్వు. సర్వే దళంతో దక్షిణాన నది లోయకు పోతున్నాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఊడినా ఆ ఆదివారం నాదే.

ఆంబ్రోస్


వెస్ట్ హార్లో
ఆగస్టు 7

తమ్ముడూ,

నీ ఉత్తరం పాస్టర్‌గారి చేతికిచ్చి వేదిక మీద చదవమన్నాను. ఆయన దగ్గారు. "చదువుతారా, నన్ను చదవమంటారా?" అన్నాను. చదివారు. పత్రికవాళ్లు సవరణ వేశారు, పందుల అమ్మకం ప్రకటన కింద, భూతద్దం పెడితే కనపడేలా.

కాగితం వల్ల కాదిది. నోటితో మొదలైంది, నోటితోనే సరిచెయ్యాలి. బడికి సెలవు పెట్టాను. ఎల్లుండి రైలెక్కుతున్నాను. నువ్వు అక్కడ లేవని తెలుసు. నేను వచ్చేది నీ కోసం కాదు.

లవీనియా


జెర్షన్, యూటా
సెప్టెంబరు 16

నా తమ్ముడు ఆంబ్రోస్‌కి,

రైలు సగం, బండి సగం, మొత్తానికి దుమ్ము ముద్దనై చేరాను. మీ డూలన్ ఎదురొచ్చి నా పెట్టె మోశాడు. నీకంటే మర్యాదస్తుడు.

నేరుగా వాళ్లింటికే వెళ్లాను. దారంతా ఏమనాలో వల్లె వేసుకున్నాను. తలుపు తీసిన మనిషి చేతులకి మోచేతుల దాకా పీచ్ పళ్ల రసం.

"మీరేనా ఆ అక్కయ్య?"

"నేనే."

"లోపలికి రండి, ఈగలొస్తాయి."

నేను వల్లె వేసుకున్నదంతా పోయింది. నిలబడే చెప్పేశాను: "అమ్మా, తప్పు నాది. నా తమ్ముడి ఉత్తరం అపార్థం చేసుకుని నలుగురిలో చదివాను. మీ ఇద్దరి పరువూ తీశాను. ఇంకో మాట కూడా చెప్పేస్తున్నాను, మీ పెళ్లి పద్ధతి మాత్రం నాకు ఎన్నటికీ నచ్చదు."

"కొన్ని రోజులు నాకూ నచ్చదు," అంది కెజియా. "ఆ కత్తి తీసుకుని గింజలు తియ్యండి. పళ్లు మిమ్మల్నీ నన్నూ అడిగి కుళ్లవు."

సాయంత్రం దాకా ఇద్దరం పళ్లు కోసి కప్పు మీద ఎండబోశాం. మారెన్ పొలం నుంచి వచ్చింది. శాలువా ఇచ్చాను. భుజాన వేసుకుని, "మీ అమ్మగారిదా?" అంది. అవునన్నాను. ఇంకేమీ అడగలేదు, నా పక్కన కూర్చుని గింజలు తీయసాగింది.

నెల మొదటి గురువారం వాళ్లకి ఉపవాస సభ. ఎవరైనా లేచి మాట్లాడవచ్చట. మన చర్చిలో ఆడది నోరెత్తడం నేనెరుగను. అయినా లేచాను. "ఆ అబద్ధం నాది. ఆమె కడుపు చూసి మీరు చేసిన పనే, కాగితం చూసి నేను చేశాను. మీరు ఆమెని చూస్తూ చేశారు. నేను చూడకుండానే చేశాను" అన్నాను. కూర్చోబోతే బెంచీ మీద చోటు లేదు, ఎవరో సర్దుకుని కూర్చున్నారు. అప్పుడు వెనక వరసలోంచి ఒక ముసలామె, నువ్వు రాసిన ఆ ముసలామేనట, "ఇలా రా తల్లీ" అని జరిగి చోటిచ్చింది. ఆ రాత్రి హాల్‌స్టెడ్‌ల ఇంటికి ముగ్గురు నలుగురు వచ్చి గడపలో నిలబడ్డారు. కెజియా వాళ్లకీ ఈగల మాటే చెప్పింది.

మంచి కబురు. మేజర్ క్రాల్ నన్ను పిలిచి చెప్పాడు, నీ మీద విచారణ మూసేశారట. బిషప్, ఊరి పెద్దలూ సంతకాలు చేసి నీ తరఫున రాశారట. "సైన్యం కోసం మొర్మన్లు సంతకాలు పెట్టడం నా సర్వీసులో చూడలేదు" అంటూ ఆ కాగితాన్ని మేజర్ అటూ ఇటూ తిప్పి చూశాడు. నేథనెల్ దగ్గర్నుంచీ ఉత్తరం వచ్చింది. కెజియా చదివి వినిపించింది, ఒకటే వాక్యం: "కెజియా నమ్మినదాన్ని నేను నమ్ముతాను." అది విని మారెన్ బయటికెళ్లి ఆవుకి మేత వేసింది. చాలాసేపు వేసింది.

తిరుగుప్రయాణం పోయిన సోమవారమే అనుకున్నాను. ఆదివారం కొండల్లో ఎక్కడో కురిసింది. ఇక్కడ చుక్క లేదు. ఉన్నట్టుండి బండ్లు వందల కొద్దీ వస్తున్నట్టు చప్పుడు, నువ్వు రాసిన ఆ వాగు ఎర్రటి గోడై దిగింది. పెద్ద పెద్ద చెట్లని పుల్లల్లా తోసుకుపోయింది. అంత నీరు, అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. ఊరి పొలాలకు కాలువ మళ్లించే అడ్డుకట్ట ఉందే, రాళ్లూ కొమ్మలూ వేసి కట్టినది, అది ఉందనడానికి ఆనవాలు కూడా మిగలలేదు. మొక్కజొన్న పాలు పట్టే వేళ. వారం నీరు అందకపోతే చలికాలం తిండి లేదు.

నేను ఏడుపులు వినబడతాయనుకున్నాను. తెల్లవారేసరికి ఊరు ఊరంతా గట్టు మీద ఉంది. ఒక ముసలాయన నీళ్ల వైపు చూసి, "ఈసారి కాస్త ముందే వచ్చావే" అని చుట్టాన్ని పలకరించినట్టు పలకరించి చొక్కా చేతులు మడిచాడు. ఇలా ఎన్నోసార్లు కొట్టుకుపోయిందట, ఎన్నోసార్లు కట్టారట. బిషప్ నడుములోతు నీళ్లలో దిగాడు. ఆయన నుంచి కొండ పాదం దాకా మనిషి పక్కన మనిషి నిలబడ్డారు, ఆడా మగా. రాయి చేతులు మారుతూ వస్తుంది. మధ్యాహ్నానికి డూలన్ వెంట సిపాయిలు కొందరు, "స్నానానికొచ్చాం" అంటూ వరసలో కలిశారు. ఎవరూ ఏమీ అనలేదు, జరిగి చోటిచ్చారు. నువ్వు ఎర్రకొండల గురించి రాస్తే నాకు అర్థమయ్యేది కాదు. ఆ కొండల కింద ఆ వరసని చూశాక అర్థమైంది, పెద్దవేవో చిన్నవేవో.

నేనూ నిలబడ్డాను. నా గౌను సంగతి అడక్కు. నాకు ఎడమ పక్కన మారెన్. పొద్దుటి నుంచీ రాళ్లు అందుకుని అందిస్తోంది, నడుం వంచి లేస్తోంది, మళ్లీ వంచుతోంది. ఒకసారి పిల్లవాడంత బండ వచ్చింది. దాన్ని కడుపుకి ఆనించి ఎత్తుకుని నా వైపు తిరిగింది.

"బరువుగా ఉంది అక్కా, జాగ్రత్త" అంది.

నాతో అంది, ఆంబ్రోస్! నేను ఆ రాయి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "కదలండమ్మా, వరస ఆగిపోయింది!" అని వెనక నుంచి ఎవరో కేకేశారు.

నీ అక్క,
లవీనియా